ఇస్త్రీ గది పాలజగ్గు

హాస్టల్ గది,
మార్చి మొదటి వారం

అత్తా,

ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకే అని నువ్వు విసుక్కుంటావని తెలుసు. ఫోన్‌లో నీ వెనక దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలర్ బుసలు కొడుతుంటే సగం మాటలు నాకు వినబడవు, మిగతా సగం నీకు వినబడవు. పైగా నాలుగో తరగతిలో ఉండగా నేను నీకు నేర్పిన అక్షరాలున్నాయే, వాడకపోతే తుప్పు పట్టిపోతాయి. ఉత్తరాలు రాస్తానని మాట ఇచ్చావు. మరిచిపోకు.

ఇక అసలు సంగతి. మా పరిశోధనశాలలో చేయబోయే ప్రయోగానికి నువ్వు పనిచేసే లాండ్రీని ఎంచుకున్నారు. ఆ పేరు చెప్పింది నేనే. "రోజూ ఒకేచోటికి పనికొచ్చేవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలి. ఎవరికైనా తెలిసిన చోటుందా?" అని పెద్ద మేడం అడిగితే, నా నోట్లోంచి మీ లాండ్రీ పేరే ఊడిపడింది. అంతవరకూ ఆ గదిలో నేను నోరు తెరిచిందే లేదు.

విషయం ఇది. పాలని కొన్ని రకాల సూక్ష్మజీవులతో పులియబెడతారు. పెరుగు లాంటిదే కానీ పలచగా, తాగేలా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు బతికి ఉండి, పొట్ట దాటి పేగుల దాకా చేరి, అరుగుదలకి సాయం చేస్తాయని అంటారు. వాటికి ప్రోబయోటిక్ అని పేరు. సాయం చేస్తాయని అంటారు, అంతే. నిజంగా చేస్తాయా, ఏ జబ్బూ లేని మనిషికి వాటితో ఏమైనా తేడా తెలుస్తుందా అన్నది మేం చూడాలి.

మీ లాండ్రీలో ఒప్పుకున్న వాళ్లందరికీ ఎనిమిది వారాలపాటు రోజుకో చిన్న సీసా ఇస్తారు. కొందరి సీసాల మీద 'క' అని, కొందరి సీసాల మీద 'గ' అని ఉంటుంది. ఒకదాంట్లో బతికున్న సూక్ష్మజీవులతో పులిసిన పాలు. రెండోదాంట్లో అదే రంగు, అదే పులుపు, కానీ జీవులు ఉండవు. ఏది ఏదో తాగేవాళ్లకి తెలియదు, ఇచ్చే నర్సమ్మకి తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది కదా. లెక్కలు చూసే ఆయన దగ్గర మాత్రం ఆ గుట్టు ఉంటుంది.

చెప్పడానికి కష్టమైన మాట చివరికి ఉంచుకున్నాను. నువ్వు నా మేనత్తవని మేడంకి చెప్పేశాను. ప్రయోగం చేసేవాళ్ల దగ్గరి బంధువుల్ని తీసుకోకూడదన్నది నియమం. కాబట్టి మీ గదిలో నీకొక్కదానికే సీసా రాదు. కోపం తెచ్చుకోకు అత్తా. నిజం చెప్పబోయి నిన్ను గుమ్మం బయట నిలబెట్టాను.

కడుపులో మంట ఎలా ఉంది? నిలబడి తినడం మానావా, లేదా?

నీ మేనకోడలు


లాండ్రీ, ఇస్త్రీ గది,
మార్చి చివర

చదువులమ్మా,

నీ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించాను. సూక్ష్మజీవులు బతికే ఉంటాయన్న చోట మొహం అదోలా పెట్టి, "బతికున్నవాటిని తాగడమేంటే?" అన్నాడు. "ఇన్నాళ్లూ పెరుగులో ఏం తిన్నావనుకున్నావు అన్నయ్యా?" అన్నాను. ఆ పూట పెరుగు గిన్నె ముట్టుకుంటే ఒట్టు.

సీసాల మాటకి వస్తే, కోపమెందుకే నాకు? నువ్వు నిజం చెప్పకపోతే కోపం రావాలి గానీ.

ఇక్కడ మాత్రం మా బతుకు మారిపోయింది. నీకు తెలుసు కదా, ఈ రోలర్ ఆగదు. ఆసుపత్రి దుప్పట్లు ఇటు తడిగా పెడితే అటు పొడిగా బయటికొస్తాయి. పెట్టేవాళ్లు ఆగితే పట్టేవాళ్లు ఆగాలి. అందుకని ఒకళ్ల తరవాత ఒకళ్లం గోడవైపు తిరిగి, నిలబడే నాలుగు ముద్దలు కుక్కుకునే వాళ్లం. ఇప్పుడు మీ మేడం, అందరూ ఒకే వేళకి కూర్చుని తిని, ఆ తరవాతే పాలు తాగాలని షరతు పెట్టిందట కదా. సూపర్‌వైజర్ మొహం ముడుచుకుంటూనే కిటికీ కింద బెంచీ వేయించాడు. రోలర్ ఆపుతున్నారు! ఆ చప్పుడు ఆగిపోతే మొదటి రోజు మాకు చెవులు నొప్పెట్టాయి.

మా గదిలో ఎవరెవరున్నారో గుర్తుందా? పెద్దక్క ఉంది. మన వాగుడుకాయ రేడియో ఉంది, దానికి ఆపే మీట ఇంకా ఎవరికీ దొరకలేదు. నిమ్మకాయ ఉంది, మొహం మునుపటిలాగే పుల్లగా. దుప్పట్లు పెట్టే అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు. నేనున్నాను.

అవునూ, నీకు కాస్తయినా సిగ్గుందా? ఆ ఏడు బొమ్మల కాగితం పంపించింది నువ్వేనట కదా! రోజూ పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక ఏ బొమ్మలా ఉందో చూసి ఆ అంకె రాయాలట. గట్టి గులకరాళ్లయితే ఒకటి, నీళ్లయితే ఏడు, నున్నగా బాగుంటే నాలుగు. ఇప్పుడు పనిలోకి రాగానే పలకరింపుల్లేవు. "నీదెంత?" "నాలుగు. నీదో?" "రెండే. నిన్నా రెండే." ఇదే వరస. సూపర్‌వైజర్ రెండ్రోజులు తలుపు పక్కన నిలబడి విని, మూడో రోజు లోపలికొచ్చి, "పనిచేసే చోట లాటరీ ఆడుతున్నారా?" అని గుడ్లురిమాడు. పెద్దక్క ఏమాత్రం తొణక్కుండా కాగితం తీసి చేతిలో పెట్టింది. బొమ్మలు చూశాడు, కింద రాసింది చదివాడు, కాగితాన్ని రెండు వేళ్లతో తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వైపు రాలేదు.

ఒకటి అడుగుతాను, చెప్పు. జబ్బున్నవాళ్లకి ఇచ్చి చూస్తే అర్థముంది. బాగున్నవాళ్లకి ఇచ్చి ఏం చూస్తారే? బాగున్నదాన్ని ఇంకేం బాగుచేస్తారు?

నా గురించి బెంగపడకు. నేనూ వాళ్ల పక్కనే కూర్చుంటున్నాను. నాకేం తక్కువ చేయట్లేదు ఎవరూ.

మీ అత్త


పరిశోధనశాల క్యాంటీన్,
ఏప్రిల్ మొదటి వారం

అత్తా,

నీ ఉత్తరం చదువుతూ ఇక్కడ ఒక్కదాన్నే పకపకా నవ్వేశాను. ఎదురుగా కూర్చున్న కళ్లద్దాలు తలెత్తి చూశాడు. కళ్లద్దాలంటే నాతోపాటు చేరిన అబ్బాయి. వాళ్లింట్లో తాతగారి దగ్గర్నుంచీ అందరూ డాక్టర్లే. నన్ను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. అదే నాకు ఇబ్బంది. చూసి ఉంటే కోపం తెచ్చుకోవడానికైనా వీలుండేది.

నువ్వడిగిన ప్రశ్ననే మేడం మొదటి రోజు మమ్మల్నీ అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఇప్పుడు కొంచెం తెలిసింది. ఈ పాలు దుకాణాల్లో కొనేది ఎక్కువగా బాగున్నవాళ్లే. సీసా మీద "అరుగుదలకు మేలు" అని రాసి ఉంటుంది. ఎవరు తాగుతారో వాళ్లలోనే చూడాలి కదా ఆ మాట నిజమో కాదో. బాగున్న మనిషికైనా పొట్ట అన్ని రోజులూ ఒకేలా ఉండదు. ఒకరోజు ఉబ్బరం, ఒకరోజు బరువు, ఒకరోజు ఏమీ లేదు. ఆ చిన్నచిన్న తేడాలే మాకు కావాలి. జబ్బు తగ్గితే ఎవరికైనా కనిపిస్తుంది. బాగున్నది మరికాస్త బాగయితే కనిపెట్టడమే కష్టం. అందుకే ఆ అంకెలు.

ఇంకో సంగతి తెలుసా? ఈ సూక్ష్మజీవులు పేగుల్లో కాపురం పెట్టవట. తాగినన్నాళ్లు ఉంటాయి, మానేస్తే చాలావరకు కొద్దిరోజుల్లోనే వెళ్లిపోతాయి. చుట్టాల్లా వచ్చి, ఉన్నన్నాళ్లు ఇల్లు కాస్త సందడి చేసి, వెళ్లిపోతాయి.

ఒక మంచి మాట. నిన్న మేడం అందరి ముందు, "లాండ్రీ వాళ్లు బంగారం. ఒక్క సీసా మిగల్లేదు, ఒక్క రోజు తప్పలేదు" అన్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. కళ్లద్దాలు తెచ్చిన చోటు ఒక బ్యాంకు ఆఫీసు. అక్కడ సగం మంది మరిచిపోతున్నారట.

నీకు చెప్పలేదు కదా, మా ఇద్దరిలో ఒక్కరినే ఇక్కడ ఉంచుకుంటారు. ఈ ప్రయోగం అయ్యాక తేలుతుంది. ఉంచుకున్నవాళ్ల పేరు రిపోర్టులో అచ్చవుతుంది. మన ఇంటిపేరు ఇంతవరకు ఎక్కడైనా అచ్చయిందా అత్తా? నాకు తెలిసి మీ లాండ్రీ హాజరుపట్టీలో చేత్తో రాయడం తప్ప. నాకది కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా కావాలి.

మంట గురించి అడిగితే జవాబు రాయలేదు. దాటేయకు.

నీ మేనకోడలు


లాండ్రీ, ఇస్త్రీ గది,
ఏప్రిల్ మధ్యలో

చదువులమ్మా,

చుట్టాల్లా వచ్చి పోతాయా? అయితే అచ్చం నీలాగే అన్నమాట.

మంట తగ్గిందే! పైకి అనకూడదేమో గానీ, మాత్ర వేసుకుని చాలా రోజులైంది. తిన్నాక ఆ గ్లాసు దించేసరికి కడుపులో మంచు పెట్టినట్టుంటుంది. నిమ్మకాయ నిన్న నవ్వింది. అది నవ్వడం చూసి రోలర్ చెడిపోయిందేమో అనుకున్నాం.

ఉద్యోగం నీకే వస్తుంది. మా వాళ్లంతా అదే అంటున్నారు. నీ కోసమే ఒక్క రోజు కూడా తప్పకుండా తాగుతున్నారు. పెద్దక్కకి జ్వరమొచ్చిన రోజు కూడా వచ్చి తాగి వెళ్లింది. ఆ పిల్ల పేరు అచ్చవ్వాలి అంటుంది.

ఇప్పటికింతే. దుప్పట్ల బండి వచ్చింది.

మీ అత్త


హాస్టల్ గది,
ఏప్రిల్ మధ్యలో

అత్తా,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ఏ గ్లాసు?

సీసాలోంచి తాగాల్సిన పాలకి గ్లాసు ఎందుకు? సీసాయే లేని నీకు గ్లాసు ఎలా వచ్చింది? నువ్వు మంచినీళ్ల గురించి రాసి ఉంటే నన్ను తిట్టు. సంతోషంగా తిట్లు తింటాను.

వెంటనే రాయి. నాన్నకి చదివి వినిపించకు.

నీ మేనకోడలు


ఇంట్లో,
ఏప్రిల్ చివర

అమ్మాయీ,

మంచినీళ్లు కాదు.

నీకు అబద్ధం రాయడానికి కూర్చున్నాను. అక్షరాలు నేర్పినదానికి ఆ అక్షరాలతోనే అబద్ధం ఎలా రాస్తానే? అందుకని ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మొదటి రోజు నర్సమ్మ ఐదుగురికి ఐదు సీసాలిచ్చి మడత గదిలోకి వెళ్లింది. నేను నా మంచినీళ్ల సీసా పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎవరూ మూత తీయలేదు.

"అలా వీపు చూపిస్తే మాకు గొంతు దిగుతుందా?" అంది పెద్దక్క.

"నాకు రాదక్కా. నా కోడలికి నిజాయితీ ఎక్కువ" అన్నాను.

"దాని నిజాయితీ దానికుండనీ. ఇన్నేళ్లలో ఈ గదిలో ఒకళ్లు చూస్తుంటే ఇంకొకళ్లు తిన్నది ఉందా?"

అప్పుడు రేడియో అందుకుంది. "అసలు ఇందులో అన్యాయం ఇంకోటుంది. నాదేమో 'గ', నిమ్మకాయదేమో 'క'. అసలు సరుకు దానికి పడి, ఉత్త పులుపు నాకు పడిందనుకో. దాని పొట్ట బాగుపడుతుంటే పక్కనే నిలబడి చూస్తూ ఊరుకోవాలా నేను?"

"నువ్వెప్పుడు ఊరుకున్నావు కనక?" అంది నిమ్మకాయ.

పెద్దక్క లేచి గంజి కలిపే చోటు నుంచి కొత్త జగ్గు కడిగి తెచ్చింది. ఐదు సీసాలూ అందులో పోసింది. ఆరు గ్లాసుల్లోకి వంచింది. ఎవరి గ్లాసు వెలితిగా ఉందో కళ్లు దగ్గరపెట్టి చూసి, చుక్కలు సర్ది మరీ ఇచ్చింది. "ఇప్పుడు ఎవరికీ ఏ బాధా లేదు. బాగుపడితే అందరం బాగుపడతాం" అంది.

నేను తాగాను. వద్దని గట్టిగా అనలేదు. మర్నాటి నుంచి అదే అలవాటైంది. మమ్మల్ని చూసి మడత గదివాళ్లూ జగ్గు పెట్టుకున్నారు, వాళ్లలో ఒకామెకి కడుపుతో ఉందని సీసా ఇవ్వలేదట. ఉతికే గదిలోనూ అంతే.

మేం దొంగతనం చేయలేదే. సీసాలు ఖాళీ చేయమన్నారు, ఖాళీ చేశాం. మీ ప్రయోగం చెడుతుందని మాలో ఒక్కళ్లకీ తట్టలేదు. నీ ఉత్తరం చూశాకే నాకు భయం పట్టుకుంది.

ఒక్క మాట వింటావా? ఎవరికీ చెప్పకు. నర్సమ్మకి తెలీదు, మేడంకి తెలీదు. నువ్వు నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. నువ్వు తెచ్చిన చోటు చెడిందంటే నీ పేరు పోతుంది. వాళ్లంతా నీ కోసమే తాగారు, తమ చేతులతోనే నీకు కీడు చేశామని తెలిస్తే తట్టుకోలేరు. నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా? ఇది అడుగుతున్నాను.

మీ అత్త


హాస్టల్ గది,
మే మొదటి వారం

అత్తా,

చెప్పేశాను.

ముందు ఆ మాట రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి చేయలేనని రాసేశాను. ఇప్పుడు కాగితం చింపేయాలనిపిస్తే చింపెయ్. కానీ చదివి చింపు.

కొన్ని రోజులు చెప్పకుండానే తిరిగాను. మేడం మళ్లీ ఒకసారి "మీ బంగారాలు ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగున్నారు" అన్నాను. ఆ రోజు నాకే అన్నం అరగలేదు.

ఎందుకు దాచలేకపోయానో చెప్పనీ. 'క' వాళ్ల పొట్టలోకీ 'గ' వాళ్ల పొట్టలోకీ ఒకే జగ్గులోని పాలు వెళ్లాయి. లెక్కలాయన రెండు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ దగ్గర ఏ తేడా ఉండదు. మీరే అందరికన్నా శ్రద్ధగా తాగారు కాబట్టి మీ అంకెలకే విలువెక్కువ. వాటిని పట్టుకుని "ఈ పాలవల్ల ఏమీ లేదు" అని మేం అచ్చేస్తాం. అది నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ మాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పినవాళ్లమవుతాం. దాని కింద నా పేరు ఉంటుంది. మన ఇంటిపేరు మొదటిసారి అచ్చయ్యేది అలాంటి కాగితం మీదా అత్తా?

మేడం గదిలోకి వెళ్లి నిలబడ్డాను. లాండ్రీలో సీసాలు కలిపి పంచుకున్నారని చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేశారు.

"నీకెవరు చెప్పారు?"

"మా అత్త."

"మీ అత్తని మనం తీసుకోలేదుగా."

"అందుకే మేడం" అన్నాను. "తీసుకోలేదు కాబట్టే కలిపారు. ఆవిడొక్కతీ ఖాళీ చేతులతో కూర్చుంటే వాళ్లు తాగలేకపోయారు."

ఆవిడ నన్ను తిట్టలేదు. "మనం సీసాలు ఇచ్చింది మనుషులకి ఒక్కొక్కరికి. వాళ్లు ఉన్నది గుంపుగా. ఇది నేను ముందే అనుకోవాల్సింది" అన్నారు. ఆ తరవాత, "లాండ్రీ అంకెలన్నీ పక్కన పెట్టేయాలి. అక్కడ ఈ వారంతో ఆపేస్తున్నాం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

నీకు మంట తగ్గింది కదా. దానికీ నా దగ్గర జవాబు లేదు. పాలవల్ల తగ్గిందా? ఇన్నేళ్లూ నిలబడి మింగినదానివి కూర్చుని నమలడంవల్ల తగ్గిందా? పక్కన నలుగురు నవ్వుతూ ఉండడంవల్లా? అన్నీ ఒకే జగ్గులో కలిసిపోయాయి. ఏది ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఈ పాలు మంటకి మందు కాదు. మళ్లీ వస్తే డాక్టరుకి చూపించుకో.

కలిపి పంచుకోవడం తప్పని నీతో అనడానికి నాకు నోరు రాదు. నేను పెరిగింది ఆ చేతుల్లోనే. కానీ దాచడం నాకు చేతకాలేదు. అదీ నీ దగ్గరే నేర్చుకున్నాను.

నీ మేనకోడలు


ఇంట్లో,
జూన్

అమ్మాయికి,

జవాబు ఆలస్యమైంది. రాయాలనిపించలేదు.

నర్సమ్మ వచ్చి ఇక సీసాలు రావని చెప్పింది. ఎవరినీ ఏమీ అనలేదు, అదొకందుకు మంచిదే. రేడియో ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆపే మీట దొరికిందని ఎవరూ సంతోషించలేదు. పెద్దక్క జగ్గు తీసుకెళ్లి గంజి దగ్గర పెట్టేసింది. "నా చేత్తోనే వంచాను. ఆ పిల్ల పేరు మీద నేనే పోశాను ఆ పాలు" అంది. నీ మీద ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను పోట్లాడేదాన్ని, ఆ అవకాశమూ ఇవ్వలేదు.

సీసాలు ఆగిన మర్నాడే సూపర్‌వైజర్ బెంచీ తీయించేశాడు. ప్రయోగం కోసం వేసింది, ప్రయోగం అయిపోయింది కదా అన్నాడు. రోలర్ ఆపడం లేదు. మళ్లీ గోడవైపు తిరిగి, నిలబడి, ఒకళ్ల తరవాత ఒకళ్లం. పాలు పోతే పోయాయి గానీ బెంచీ పోయిందే.

మంట మళ్లీ మొదలైంది. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

నువ్వు చేసింది తప్పని నేననను. కానీ నేను అడిగిన ఒక్కటీ నువ్వు ఇవ్వలేదు. అది మరిచిపోవడానికి నాకు కొన్నాళ్లు పడుతుంది. పట్టనీ.

మీ అత్త


పరిశోధనశాల, మెట్ల పక్క గది,
ఆగస్టు

అత్తా,

నీ కోపం తగ్గకపోయినా ఇది చదువు.

ఫలితాలు వచ్చాయి. మీ లాండ్రీని పక్కన పెట్టి, మిగతా చోట్ల అంకెలు మాత్రమే చూశారు. నీకు మొదట చెప్పాలని ఉంది, విను. రెండు గుంపుల్లోనూ చాలామంది పొట్ట కాస్త తేలిగ్గా ఉందనే చెప్పారు. ఉత్త పులుపు పాలు తాగినవాళ్లు కూడా! బతికున్న జీవులతో పులిసిన పాలు తాగినవాళ్లలో ఉబ్బరం మాత్రం ఇంకొంచెం తక్కువ. అది కూడా బల్ల గుద్ది చెప్పలేనంత చిన్న తేడా. ఆ ఏడు బొమ్మల అంకెల్లో అయితే చెప్పుకోదగ్గ తేడాయే లేదు. వేరే రకం సూక్ష్మజీవితో వేరేచోట చేస్తే ఇంకోలా రావచ్చని మేడం అన్నారు. ఇన్ని నెలలు కష్టపడింది ఇంత చిన్న మాట కోసమా అని నాకు మొదట ఏడుపొచ్చింది. తరవాత అనిపించింది, చిన్న మాటైనా అది ఎవరూ కల్పించని మాట. నీ మాట కూడా నిజమే, బాగున్నదాన్ని బాగుచేయడం అంత తేలిక కాదు.

ఉద్యోగం కళ్లద్దాలకి వచ్చింది. మేడం నన్ను కూర్చోబెట్టి స్వయంగా చెప్పారు. "నీ తప్పు కాదు. కానీ నువ్వు తెచ్చిన చోటు పోయింది, అతను తెచ్చిన చోటు నిలబడింది. ఉన్నది ఒక్క ఉద్యోగమే" అన్నారు. ఆవిడకి తెలిసిన మరో పరిశోధనశాలకి నా గురించి రాస్తానన్నారు. రావచ్చు, రాకపోవచ్చు. కళ్లద్దాలు వచ్చి నా బల్ల ముందు నిలబడి, "నాకైతే మా అత్త ఇలా ఉన్నదున్నట్టు చెప్పేది కాదు" అన్నాడు. నవ్వేశాను. ఆ తరవాత చాలాసేపు ఆ మాటే తలుచుకున్నాను.

రిపోర్టులో నా పేరు లేదు అత్తా. ఇంకొకటి మాత్రం ఉంది. వచ్చే ప్రయోగానికి, తాగేవాళ్లకి ఇచ్చే సూచనల కాగితం మళ్లీ రాయాల్సి వచ్చింది. వెళ్లిపోయే ముందు ఆ పని నన్ను చేయమన్నారు. అందులో ఒక మాట నేను చేర్చాను. మేడం చదివి, ఒక్క అక్షరం మార్చకుండా అచ్చుకి పంపారు. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. నాలుగో వరుస చూడు.

"మీ సీసా మీరే తాగండి. మీ పక్కన కూర్చునే వారికి సీసా లేకపోతే మాకు చెప్పండి. లెక్కలోకి రాకపోయినా వారికీ తాగడానికి ఒకటి ఇస్తాం."

నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. కొన్నాళ్లు ఇంటికి వద్దామనుకుంటున్నాను. రమ్మంటేనే వస్తాను.

నీ మేనకోడలు


లాండ్రీ, ఇస్త్రీ గది,
సెప్టెంబరు

చదువులమ్మా,

రమ్మంటేనే వస్తావా? ఎప్పటి నుంచే ఈ మర్యాదలు? నీ ఇంటికి నువ్వు రావడానికి నేను రమ్మనాలా?

నీ కాగితం మా గదిలో రోలర్ పక్క గోడకి అంటించాం. ఆవిరికి ఊడిపోకుండా పెద్దక్క పైన ప్లాస్టిక్ వేసింది. నాలుగో వరుస నేనే అందరికీ చదివి వినిపించాను, ఒక్కచోట కూడా తడబడలేదు. రేడియో, "ఇంకోసారి చదువు" అంది. చదివాను. నిమ్మకాయ, "అయితే ఇది నీ గురించే" అంది. పెద్దక్క అటు తిరిగి దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెట్టింది.

మన పేరు అచ్చవకపోతే ఏమైందే, నా గ్లాసు అచ్చయింది.

డాక్టరుకి చూపించుకున్నాను. మాత్రలిచ్చాడు. "వేళకి తిను, కూర్చుని తిను" అన్నాడు. కూర్చోవడానికి బెంచీ ఏదీ? మర్నాడు అన్నం వేళకి పెద్దక్క దుప్పట్ల బుట్టలు ఆరింటిని బోర్లించింది. వెళ్లి రోలర్ మీట తనే దించేసింది. అందరం కూర్చున్నాం. గంజి దగ్గర నుంచి జగ్గు మళ్లీ మా మధ్యకి వచ్చింది. అందులో ఇప్పుడు మంచినీళ్లే, అయినా గ్లాసులు సమానంగానే వంచుతుంది.

చప్పుడు ఆగిపోయేసరికి సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది? ఎవరాపమన్నారు?" అన్నాడు.

"ప్రయోగం జరుగుతోందండీ" అంది పెద్దక్క, నమలడం ఆపకుండా.

"అది ఎప్పుడో అయిపోయిందిగా! ఇదెవరి ప్రయోగం?"

"మాదే."

ఆయన మా బుట్టలకేసి చూశాడు, గోడ మీద కాగితంకేసి చూశాడు. మళ్లీ ఏ బొమ్మలు చేతిలో పెడతామో అని భయమేసిందేమో, వెళ్లిపోయాడు. రోజూ ఆపుతున్నాం. రోజూ తొంగిచూస్తున్నాడు. ఇంతవరకు ఏమీ అనలేదు.

మంట తగ్గుతోంది. మాత్రవల్లో, బుట్టవల్లో నువ్వొచ్చి తేల్చు. మరిచిపోవడానికి కొన్నాళ్లు పడుతుందన్నాను కదా. ఆ కొన్నాళ్లూ అయిపోయాయి.

వచ్చేటప్పుడు ఒక గ్లాసు తెచ్చుకో, మా దగ్గర ఆరే ఉన్నాయి. ఏడో బుట్ట చూసి పెట్టాను.

ఈ రోజు నాది నాలుగు. నీదెంత?

మీ అత్త